మేతలోని సహజ రసాయనాలు, నెమరువేసే పొట్ట: రోలుగుంట ప్రాంత మేతల పరిశీలన

పురుగులు, శిలీంధ్రాలు, మేసే జంతువుల బారి నుంచి తనను తాను కాపాడుకోవడానికి మొక్క తయారుచేసుకునే రసాయనాలను వృక్షశాస్త్రం ద్వితీయ జీవక్రియా పదార్థాలు అంటుంది. పచ్చికాయకు వగరు తెచ్చే టానిన్లు, కుంకుడుకాయ నురగకు కారణమైన సాపోనిన్లు, వాముకు ఘాటునిచ్చే థైమాల్, సయనైడును విడుదల చేసే గ్లైకోసైడ్లు ఈ కోవలోనివే. పశువుల ఎదుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి నిషేధించిన తరువాత, వాటి స్థానంలో ఈ పదార్థాలను వాడే ప్రయత్నాలు ఊపందుకున్నాయి. మొక్క నుంచి వచ్చింది గనుక హాని చేయదన్న నమ్మకమూ వాటితో పాటే పాకింది. ఆ నమ్మకానికి శాస్త్రీయ ఆధారం లేదు. ఒక రసాయనం మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది తిన్న జంతువు పొట్టను బట్టి, మోతాదును బట్టి, మేతను సిద్ధం చేసిన తీరును బట్టి తేలుతుందని రోలుగుంట ప్రాంతపు మేతల ఆధారంగా చూపడం ఈ వ్యాస ఉద్దేశం.

పూర్వం విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరిన రోలుగుంట మండలం చోడవరం శాసనసభ నియోజకవర్గంలో భాగం. ఒకవైపు వరి, చెరకు పండే పల్లపు భూములు, మరోవైపు తూర్పు కనుమల వాలుల్లో జీడిమామిడి, చింత చెట్లు ఉన్న ఈ ప్రాంతంలో పశువు కడుపు నింపేది ప్రధానంగా వరిగడ్డి, చెరకు నరికినప్పుడు మిగిలే పై ఆకు, తవుడు కలిపిన కుడితి. వరిగడ్డిలోనూ చెరకు ఆకులోనూ ఉండే ఆక్సలేట్లు కాల్షియంతో కలిసి కరగని లవణంగా మారి, ఆ ఖనిజాన్ని పశువుకు అందకుండా చేస్తాయి. లీటరు పాలలో గ్రాముకు పైగా కాల్షియం బయటకు పోతుంది కాబట్టి, నెలల తరబడి ఈ మేత మీదే బతికే పాడి గేదెకు ఖనిజ లవణ మిశ్రమం తప్పనిసరి అవసరం.

నెమరువేసే జంతువుల మొదటి పొట్టను రూమెన్ అంటారు. పెద్ద పశువులో వంద లీటర్లకు పైగా పట్టే ఈ సంచిలో కోటానుకోట్ల బ్యాక్టీరియా, ప్రోటోజోవాలు, శిలీంధ్రాలు మేతను పులియబెడతాయి. మొక్క రసాయనం రక్తంలోకి చేరేలోపే వాటి చేతిలో పడి రూపం మారుతుంది. ఆ మార్పు ఒక్కోసారి రక్షణ, ఒక్కోసారి ప్రాణాంతకం. ఉలవ, జొన్న ఈ రెండు కొసలనూ స్పష్టంగా చూపుతాయి.

ఉలవల్లో ప్రొటీన్ జీర్ణక్రియను అడ్డుకునే ట్రిప్సిన్ నిరోధకాలు, ఎర్ర రక్తకణాలను గుమిగూడేలా చేసే లెక్టిన్లు ఉంటాయి. ఉలవ లెక్టిన్ మనుషుల ఎ1 రకం రక్తకణాలను ప్రత్యేకంగా గుర్తుపడుతుందని జి.డబ్ల్యు.జి. బర్డ్ 1951లో వెల్లడించిన తరువాత అది రక్తనిధి కేంద్రాల్లో పరీక్షా ద్రవ్యమైంది. దుక్కిటెద్దు తినే గింజ ఆస్పత్రిలో రక్తపు ఉపవర్గాన్ని తేల్చే సాధనం కావడం సామాన్యమైన విషయం కాదు. ఈ నిరోధకాలనూ లెక్టిన్లనూ ఎద్దు రూమెన్‌లోని సూక్ష్మజీవులు చాలావరకు విచ్ఛిన్నం చేయగలవు. రూమెన్ ఇంకా ఎదగని దూడకు, రూమెనే లేని కోడికి ఆ వెసులుబాటు లేదు. ఉలవలను నానబెట్టి మెత్తగా ఉడికించి పెట్టే పాత అలవాటు గింజ గట్టిదనాన్ని పోగొట్టడంతో పాటు వేడికి నిలవని ఈ ప్రొటీన్ల పనినీ ఆపుతుంది కాబట్టి, దాన్ని కాలం చెల్లిన ఆచారంగా కొట్టిపారేయడం తొందరపాటు.

జొన్న విషయంలో ఇదే రూమెన్ శత్రువవుతుంది. లేత జొన్నలో ధుర్రిన్ అనే సయనైడు గ్లైకోసైడు ఉంటుంది. ఆకు నలిగినప్పుడు మొక్కలోని ఎంజైములు, పొట్టలోకి చేరాక సూక్ష్మజీవుల ఎంజైములు దాన్ని విడగొట్టి హైడ్రోజన్ సయనైడును వదులుతాయి. బెట్టకు గిడసబారిన పైరులో, కోత తరువాత మోళ్ల నుంచి లేచే నాములో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. సయనైడు కణాల్లోని సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును బిగబట్టడంతో, రక్తంలో ప్రాణవాయువు ఉన్నా కణం దాన్ని వాడుకోలేదు. అందుకే నాము తిన్న పశువు ఎగశ్వాసతో, నోట నురగతో కూలబడినా, దాని కనురెప్ప తిప్పి చూస్తే లోపలి పొర పాలిపోయి ఉండదు, మామూలు కంటే ఎర్రగా కనిపిస్తుంది. పశువైద్యుడు వెంటనే సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ సూదిమందులు ఇవ్వగలిగితేనే బతికే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. పైరు 50 రోజులు దాటి పూతకు వచ్చేదాకా కోయకపోవడం, కోసినదాన్ని బాగా ఎండబెట్టడం లేదా పాతరవేసి సైలేజీగా మార్చడం, నాము లేచిన చేలోకి మందను తోలకపోవడం ఖర్చులేని నివారణలు. వర్షాధార చేలల్లో మేత జొన్న వేసే రైతుకు ఈ సమాచారం విత్తనంతో పాటే అందాలి.

రూమెన్ శక్తి కూడా అన్నిచోట్లా ఒకటి కాదని సుబాబుల్ నేర్పింది. 20 శాతానికి పైగా ప్రొటీన్ ఉన్న దీని ఆకులో మిమోసిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. అది రూమెన్‌లో డీహెచ్‌పీ అనే పదార్థంగా మారి థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీస్తుంది. ఆస్ట్రేలియాలో పశువులు జబ్బుపడుతుంటే, హవాయి దీవుల మేకలు అదే ఆకును నిక్షేపంగా తిని అరిగించుకోవడాన్ని గమనించిన శాస్త్రవేత్త రేమండ్ జోన్స్, ఆ మేకల రూమెన్‌లోని బ్యాక్టీరియాయే ఇందుకు కారణమని గుర్తించాడు. ఆ బ్యాక్టీరియాకు 1992లో ఆయన పేరు కలిసేలా సినర్జిస్టిస్ జోన్సై అని పేరు పెట్టారు. మన దేశంలో మాత్రం సుబాబుల్‌ను మొత్తం మేతలో సుమారు మూడో వంతుకు మించనీయకుండా, అలవాటు చేస్తూ పెట్టడమే క్షేమం.

మేలు చేసే వైపు టానిన్ల కథ ముఖ్యమైనది. ఇవి ప్రొటీన్‌తో జతకట్టి దాన్ని రూమెన్ సూక్ష్మజీవుల నుంచి కాపాడి పేగుల దాకా చేరుస్తాయి, మేకలు, గొర్రెల్లో పొట్ట, పేగుల్లోని గుండ్రటి పురుగుల బెడదను కొంత తగ్గిస్తాయి. అయితే మేత ఎండు బరువులో 5 శాతం దాటితే పశువు మేత తగ్గించేస్తుంది, తిన్నదీ ఒంటికి పట్టదు. పులియబెట్టే క్రమంలో పుట్టే మీథేన్ వాయువు రూపంలో పశువు తిన్న మేత శక్తిలో 2 నుంచి 12 శాతం వరకు వృథా అవుతుంది. టానిన్లున్న మొక్కల పదార్థాలతో బెంగళూరులోని జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ రూపొందించిన హరిత ధార మీథేన్‌ను 17 నుంచి 20 శాతం తగ్గిస్తుందని ఆ సంస్థ తెలిపింది. ఈ దిశలో చింతపిక్క పొట్టును కూడా భారతీయ పరిశోధకులు పరీక్షించారు.

రోలుగుంట కొండవాలులకు అంతకన్నా దగ్గరి వస్తువు జీడిగుల్ల. పప్పు తీసే స్త్రీలు చేతులకు బూడిదో నూనో రాసుకొని కూర్చోవలసినంతగా చర్మాన్ని కాల్చే జీడి నూనెలో ప్రధాన ద్రవ్యం అనకార్డిక్ ఆమ్లం. ఇది రూమెన్‌లో కొన్ని రకాల బ్యాక్టీరియాను అణచి, మీథేన్ తయారీకి కావలసిన హైడ్రోజన్‌ను తగ్గించి, పశువుకు శక్తినిచ్చే ప్రొపియోనిక్ ఆమ్లాన్ని పెంచుతుందని జపాన్ పరిశోధకులు 2010లో ప్రయోగశాలలోనూ, 2012లో పశువుల మీదా చూపారు. అయితే గింజను వేయించే పద్ధతిలో వేడి తగిలిన అనకార్డిక్ ఆమ్లం కార్బన్ డయాక్సైడును కోల్పోయి కార్డనాల్‌గా మారుతుంది, దాంతో ఆ ప్రభావమూ సన్నగిల్లుతుంది. ఉలవకు మేలు చేసిన వేడే ఇక్కడ గుణాన్ని హరిస్తుంది. పైగా ఇంతటి ఘాటైన ద్రవాన్ని కొలత లేకుండా కుడితిలో కలపడం పశువు నోటికీ పేగులకూ హాని. కాబట్టి జీడిగుల్లను ఇప్పుడే మేతగా సిఫారసు చేయడం బాధ్యతారాహిత్యం అవుతుంది; పరీక్షించకుండా వదిలేయడం కూడా తెలివైన పని కాదు.

ఈ ప్రాంతానికి చేరువలో రెండు సంస్థలున్నాయి. చెరకు పరిశోధన కోసం 1913లో మొదలైన అనకాపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం ఒకటి, విజయనగరం జిల్లా గరివిడిలోని పశువైద్య కళాశాల మరొకటి. మొదటిది చెరకు ఆకులో ఆక్సలేట్లను రకాల వారీగా, కోత కాలం వారీగా కొలిచి, రెండోది చింతపిక్క పొట్టును, వేడి తగలని జీడిగుల్ల నూనెను స్థానిక గేదెల మీద మోతాదుల వారీగా పరీక్షించి, ఫలితాలను తెలుగులో ప్రచురించాలి. అప్పటివరకు, ఏ మొక్క పదార్థం, ఎన్ని గ్రాములు, ఏ వయసు పశువుకు అన్న మూడు వివరాలూ సంచి మీద లేని మూలికా దాణాను రైతు కొనకూడదు, పశువైద్యులు సిఫారసు చేయకూడదు.