ఇన్‌ఫ్లుయెంజా చరిత్ర – పావగడ సీమకు దాని పాఠము

కర్ణాటక రాష్ట్రమునందలి తుముకూరు జిల్లాకు చేరిన పావగడ తాలూకా మూడు వైపుల ఆంధ్రప్రదేశముచే చుట్టబడియున్నది. ఇందలి వై.ఎన్.హొసకోట పట్టుచీరల నేతకు పేరొందిన ఊరు. 1918వ సంవత్సరమున పావగడ మైసూరు సంస్థానములోను, పొరుగుననున్న మడకశిర, పెనుకొండ, కల్యాణదుర్గములు మద్రాసు రాజధానికి చెందిన అనంతపురము జిల్లాలోను ఉండెను. పాలనకు ఎల్లలున్నను సంతలకును చుట్టరికములకును ఎల్లలు లేవు. అంటువ్యాధులకు అసలే లేవు.

అంతకు ఇరువది ఏండ్లకు పూర్వము, 1898లో, బెంగుళూరున ప్లేగు ప్రవేశించినది. ఎలుకలు రాలుటయు, చంకలలోనో గజ్జలలోనో గడ్డ కట్టుటయు చూడగనే ఊరు విడిచి పొలములలో పాకలు వేసికొనుట జనులు నేర్చిరి. అది ఎంత భయంకరమైనదైనను దానికొక స్పష్టమైన గుర్తు కలదు. ఇన్‌ఫ్లుయెంజాకు అట్టి గుర్తు లేదు. తలనొప్పి, చలి, పొడి దగ్గు, ఒడలి నొప్పులు, అకస్మాత్తుగ హెచ్చు జ్వరము – ఇవియే దాని లక్షణములు. వీనిని చూచి పడిశమని జనులు ఉపేక్షించుట సహజము.

1918 జూన్ మాసమున బొంబాయిలో కనిపించిన తొలి విడత జ్వరము అంతగా బాధింపలేదు. సెప్టెంబరులో మొదలైన రెండవ విడత మాత్రము ప్రాణాంతకమయ్యెను. ఆ యేడు వర్షములు తప్పుటచే ధాన్యపు ధరలు పెరిగి, పేదలు అర్ధాకలితో ఉండిరి. భారతదేశమున మరణించినవారు కోటి ఇరువది లక్షలకును కోటి ఎనుబది లక్షలకును నడుమ ఉందురని పండితుల అంచనా. నేటి భారతదేశపు ఎల్లలలో 1911లో 25.2 కోట్లున్న జనాభా 1921 నాటికి కొంత తగ్గినది. మరియొక విశేషమేమన, ఆ జ్వరము 20 మొదలు 40 ఏండ్ల వయసు గల దృఢకాయులనే ఎక్కువగా బలిగొన్నది.

మృత్యుకారణము తరచుగా న్యుమోనియా. వ్యాధిచే దెబ్బతిన్న ఊపిరితిత్తులలో ఇతర సూక్ష్మజీవులు చేరగా శ్వాస అందక, పెదవులు నీలివన్నె దాల్చి రోగి కన్నుమూయుచుండెను. పెన్సిలిన్ కనుగొనబడినది 1928లో. మానవులకు సోకు ఇన్‌ఫ్లుయెంజా వైరసును లండను శాస్త్రజ్ఞులు వేరుపరచినది 1933లో. కావున 1918లో వైద్యునికి తోడైనవి విశ్రాంతి, గంజి, పరిచర్య మాత్రమే.

ఆ తరువాతను ఈ వ్యాధి తెలుగువారిని వీడలేదు. 1957 మే మాసమున సింగపూరు నుండి వచ్చిన ఓడతో మద్రాసు రేవున అడుగిడి దేశమంతట వ్యాపించెను. 2009 మే మాసమున కొత్త హెచ్1ఎన్1 జ్వరము దేశములో మొదట నిర్ధారణమైనది హైదరాబాదులోనే.

1918 నాటికి లేని సాధనములు నేడు కలవు: ఏటేట వేయించుకొనదగిన టీకా, వైరసుపై పనిచేయు మందులు. అయితే వైరసుపై పనిచేయు మందులు లక్షణములు కనబడిన 48 గంటలలోపల ఇచ్చినచో హెచ్చుగా ఫలించును. పెన్సిలిన్ వంటి మందులు వైరసును చంపజాలవు. పిదప చేరిన సూక్ష్మజీవులపై మాత్రమే పనిచేయును. కాలహరణమే నేటికిని పెద్ద శత్రువు. మగ్గము దిగిన నాడు కూలి లేని నేతగాడు జ్వరమును దాచుకొని నేయుట వింత కాదు.

ఆరోగ్యవంతులలో పెక్కురు విశ్రాంతితోను ద్రవాహారముతోను వారమునాళ్లలో కోలుకొందురు. గర్భిణులు, అయిదేండ్లలోపు బిడ్డలు, వృద్ధులు, మధుమేహము, ఉబ్బసము, గుండెజబ్బు గలవారు మాత్రము తొలి దినముననే వైద్యుని చూడవలెను. ఊపిరి ఆడకుండుట, రొమ్ము నొప్పి, పెదవులు నీలివారుట, మతి తప్పుట, బిడ్డ పాలు త్రాగకుండుట, మూత్రము తగ్గుట కనబడినచో ఎవరినైనను వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. తగ్గిన జ్వరము మరల హెచ్చి దగ్గు ముదురుట న్యుమోనియాకు సూచన. ప్లేగు గడ్డను చూచి మేల్కొన్న పూర్వుల జాగరూకతను, ఈ గుర్తుల విషయమున నేటివారు చూపవలసియున్నది.