బల్లినమక్‌లో లొంగిపోయే హక్కు లేనివాళ్లు

మన దగ్గర చరిత్ర చదువుకున్న ప్రతి విద్యార్థికీ కారన్‌వాలీస్ పేరు తెలుసు. 1792లో శ్రీరంగపట్నం దగ్గర టిప్పు సుల్తాను చేత సగం రాజ్యం రాయించుకున్నది ఆయనే. 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టిందీ ఆయనే. ఆ పద్ధతే 1802 రెగ్యులేషన్‌తో మన ఉత్తర సర్కారులకు వచ్చి జమీందారీలను స్థిరపరిచింది. విజయనగరంలో చరిత్ర పాఠాలు చెప్పినన్నాళ్లూ ఈ వరస నా నోటికి కంఠతా ఉండేది. 1793లో ఆయన ఇంగ్లండు ఓడెక్కుతాడు. 1805లో మళ్లీ వచ్చి, అదే ఏడు అక్టోబరులో ఘాజీపూర్‌లో చనిపోతాడు. మధ్యలో పన్నెండేళ్లు ఆయన ఏం చేశాడన్న ప్రశ్న ఏ పరీక్షలోనూ రాదు.

ఆ పన్నెండేళ్లలో ఐర్లండ్ ఉంది. ఐర్లండ్ పోరాటం అనగానే మనకు 1916 గుర్తొస్తుంది. మన వి.వి. గిరి ఆ రోజుల్లో డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతుండేవారు కాబట్టి ఆ కథ మనకు కాస్త దగ్గరిది. దానికి 118 ఏళ్ల ముందు, 1798లో, ఐర్లండ్ పల్లెలు బల్లేలు పట్టుకుని లేచాయి. ఆ తిరుగుబాటును అణచిన వైస్రాయి కారన్‌వాలీస్. దాని చివరి ఘట్టాన్ని నాకు కళ్లకు కట్టించింది ఒక నవల. థామస్ ఫ్లానగన్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1979లో రాసిన ‘ది ఇయర్ ఆఫ్ ది ఫ్రెంచ్’. ఆ తర్వాత చరిత్ర పుస్తకాలు వెతికి చదివాను, మా అమ్మాయి డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నందువల్ల ఆ ఊళ్లూ చూశాను. చదివిందీ చూసిందీ కలిపి ఇక్కడ చెబుతున్నాను.

పల్లెలు ఎందుకు లేచాయో ముందు చెప్పాలి. ఐర్లండ్‌లో ఎక్కువమంది క్యాథలిక్కులు. భూమి మాత్రం చాలావరకు ప్రొటెస్టెంటు దొరల చేతిలో ఉండేది. కౌలు రైతు దొరకు కౌలు కట్టాలి, ఆ పైన తనది కాని చర్చికి పంటలో దశమ భాగమూ కట్టాలి. క్యాథలిక్కుకు పార్లమెంటులో కూర్చునే హక్కు లేదు. 1791లో బెల్‌ఫాస్ట్‌లో ‘యునైటెడ్ ఐరిష్‌మెన్’ అనే సంఘం పుట్టింది. దాన్ని పెట్టినవాళ్లలో చాలామంది ప్రొటెస్టెంట్లే. ఫ్రెంచి విప్లవం చూసి, మతం పేరు ఎత్తకుండా అందరినీ ఐరిష్‌వాళ్లు అని పిలిచే దేశం కావాలని కోరుకున్నారు. వాళ్లలో ముఖ్యుడు వుల్ఫ్ టోన్. ఆయన పారిస్ వెళ్లి సైన్యం అడిగాడు. 1796 డిసెంబరులో సుమారు పద్నాలుగు వేలమందితో ఫ్రెంచి నౌకాదళం బయలుదేరింది. బాంట్రీ అఖాతం దాకా వచ్చిన ఓడలను తుపాను ఒడ్డుకు చేరనివ్వలేదు.

ఆ తర్వాత ప్రభుత్వం పల్లెల మీద పడింది. కమ్మరి కొలిమిలో బల్లెపు ములుకులు దొరికితే చాలు, వీపు చిట్లేలా కొరడా దెబ్బలు. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నవాడు విప్లవకారుడని అనుమానించి, మరిగిన తారు నింపిన టోపీ నెత్తిన అదిమి, చల్లారాక చర్మంతో సహా ఊడబెరికేవారు. 1798 మే నెలలో తిరుగుబాటు మొదలైంది. వెక్స్‌ఫర్డ్ జిల్లాలో వేలమంది రైతులు బల్లేలతో నిలబడ్డారు. ఆ బల్లెం కమ్మరి కొట్టిన ఇనుప ములుకును పొడవాటి యాష్ చెట్టు కర్రకు దిగ్గొట్టినది. దగ్గరకొచ్చిన గుర్రపు రౌతును ఆపడానికి పనికొస్తుంది. దూరంలోని ఫిరంగి ముందు ఎందుకూ కొరగాదు. జూన్ 21న వినెగర్ హిల్ కొండ మీద జనరల్ లేక్ ఫిరంగులు ఆ సంగతి తేల్చేశాయి. కారన్‌వాలీస్ డబ్లిన్‌లో పదవి చేపట్టింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

అంతా ముగిసిందనుకున్నాక ఫ్రెంచివాళ్లు వచ్చారు. ఆగస్టు 22న మూడు యుద్ధనౌకలు ఇంగ్లీషు జెండాలు ఎగరేసుకుని పడమటి తీరంలో మేయో జిల్లాలోని కిల్లాలా దగ్గర ఆగాయి. దిగినవాళ్లు సుమారు వెయ్యిమంది. వాళ్ల నాయకుడు జనరల్ హంబర్ట్, సైన్యంలో చేరకముందు కుందేలు తోళ్లు అమ్ముకున్నవాడు. కిల్లాలా బిషప్ జోసెఫ్ స్టాక్ ఇల్లే వాళ్ల ఠాణా అయింది. మేయో రైతుకు వెక్స్‌ఫర్డ్ రైతులకున్నపాటి సన్నాహం కూడా లేదు. అతని భాష ఐరిష్, వచ్చినవాళ్ల భాష ఫ్రెంచి. అయినా కొండల మీది నుంచి, బురద నేలల్లోంచి జనం గుంపులుగా దిగివచ్చారు. నీలం కోట్లు, తుపాకులు అందుకున్నారు. ఫ్లానగన్ నవలకు ప్రాణం ఈ ఘట్టమే. ఓవెన్ మెకార్థీ అనే కవి, పల్లెటూరి బడిపంతులు ఆ వరదలో ఎలా కలిసిపోయాడో చెబుతాడు. ఒక ప్రొటెస్టెంటు మతగురువు, విప్లవం మీద నమ్మకం ఉన్న ఒక భూస్వామి, కారన్‌వాలీస్ కొలువులో ఒక కుర్ర ఆఫీసరు, ఎవరికి వాళ్లు తాము చూసినంత మేరకు చెబుతారు. ఎవరి మాటా పూర్తి నిజం కాదు, ఎవరూ అబద్ధం చెప్పరు. యుద్ధాన్ని గురించి నేను చదివిన నవలల్లో ఇంత న్యాయంగా రాసినది మరొకటి లేదు.

హంబర్ట్ బల్లినా పట్నం తీసుకున్నాడు. తర్వాతిది కాసిల్‌బార్. అక్కడ ఇంగ్లీషు సేనలు ఫాక్స్‌ఫర్డ్ దారి మీద కళ్లు పెట్టుకు కూర్చున్నాయి. పోరుకు ముందు రాత్రే అక్కడికి వచ్చి సేనాధిపత్యం తీసుకున్న జనరల్ లేక్ కూడా శత్రువు ఆ దారినే వస్తాడనుకున్నాడు. హంబర్ట్ ఆగస్టు 26 సాయంత్రం వానలో బయలుదేరి కాన్ సరస్సుకు పడమటగా, మేకల దారిలాంటి కొండదారి పట్టాడు. లాహర్డేన్ ఊరి క్యాథలిక్ గురువు ఫాదర్ కాన్రాయ్ దారి చూపించాడు. గుర్రాలు లాగలేని చోట ఫిరంగి బండ్లను ఊరి మనుషులు భుజం పట్టి లాగారు. నేను ఆ దారిన కారులో వెళ్లాను. ఎండ కాసిన రోజున కూడా ఆ ఎక్కుడు చూస్తే, తడిసిన రాత్రి చీకట్లో, నడుముకు తాళ్లు కట్టుకుని దాన్ని ఎక్కినవాళ్లను తలుచుకుంటే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. ఆ మనుషుల పేర్లు ఏ సైనిక నివేదికలోనూ లేవు.

తెల్లవారి కాసిల్‌బార్‌లో జరిగినది ఇంగ్లీషు సైన్యం చరిత్రలో పెద్ద అవమానం. ఫిరంగులు, సామాను వదిలేసి సిపాయిలు పరుగు లంకించుకున్నారు. ట్యూమ్ ఊరి దాకా కొందరు, అథ్లోన్ దాకా కొందరు. జనం ఆ పోరుకు ‘కాసిల్‌బార్ పందేలు’ అని పేరు పెట్టారు. ప్రభుత్వ దళంలోని లాంగ్‌ఫర్డ్, కిల్కెన్నీ సిపాయిలు కొందరు తిరుగుబాటుదారుల్లో కలిశారు. ఆగస్టు 31న కొనాక్ట్ రిపబ్లిక్ ప్రకటించారు. దాని అధ్యక్షుడు జాన్ మూర్, మూర్ హాల్ సంపన్న కుటుంబపు యువకుడు.

రిపబ్లిక్ ఆయుష్షు రోజుల్లోనే తీరిపోయింది. ఫ్రాన్స్ నుంచి రావలసిన రెండో దళం రాలేదు. కారన్‌వాలీస్ ఎంతో పెద్ద సైన్యంతో, తొందరపడకుండా, పద్ధతిగా చుట్టుముడుతూ వచ్చాడు. హంబర్ట్ ఈశాన్యంగా కదిలాడు. సెప్టెంబరు 5న కొలూనీ దగ్గర దారికి అడ్డంగా ఒక ఫిరంగి నిలిచింది. ఫ్రెంచి సైన్యంలో ఆఫీసరుగా ఉన్న ఐరిష్ యువకుడు బార్తొలొమ్యూ టీలింగ్ ఒంటరిగా గుర్రం దౌడు తీయించి, ఫిరంగి పేల్చేవాణ్ణి పిస్తోలుతో కాల్చి దారి తెరిచాడు. తర్వాత షానన్ నది దాటి, నిద్ర లేని మనుషులతో సెప్టెంబరు 8 ఉదయం లాంగ్‌ఫర్డ్ జిల్లాలోని బల్లినమక్ చేరారు. వెనక లేక్, ముందు కారన్‌వాలీస్.

పోరు కొద్దిసేపే. ఫ్రెంచివాళ్లు ఆయుధాలు దించారు. ఎనిమిది వందల పైచిలుకు మందిని యుద్ధఖైదీలుగా లెక్క రాసుకుని, మర్యాదగా కాలువ పడవల్లో డబ్లిన్ చేర్చారు. ఖైదీల మార్పిడిలో హంబర్ట్ కొద్ది వారాల్లోనే ఫ్రాన్స్‌లో ఉన్నాడు. వాళ్ల పక్కనే నిలబడి పోరాడిన ఐరిష్ రైతులకు ఆ అవకాశం ఇవ్వలేదు. వాళ్లు సైనికులు కారు, రాజద్రోహులు. చేతులెత్తినా లెక్కలోకి రాదు. రౌతులు వాళ్లను బురద నేలల్లోకి తరిమి నరికారు. వందల మంది అక్కడే చనిపోయారు. ప్రభుత్వ దళం వదిలి వచ్చిన సిపాయిలను దొరికినవాళ్లను దొరికినట్టు ఉరి తీశారు. తన ఖైదీలను టీలింగ్ దయగా చూశాడని హంబర్ట్ సాక్ష్యం రాసి పంపినా, ఫ్రెంచి యూనిఫాం తొడుక్కున్నా, టీలింగ్‌కు డబ్లిన్‌లో ఉరే పడింది. వుల్ఫ్ టోన్ తమ్ముడు మాథ్యూకూ అంతే. ఒకే మైదానంలో, ఒకే గంటలో, ఒకే పని చేసిన ఇద్దరిలో ఒకరు ఖైదీ, ఒకరు శవం. వలస పాలన అంటే ఏమిటో విద్యార్థికి ఒక్క ఉదాహరణతో చెప్పమంటే నేను బల్లినమక్ చూపిస్తాను.

కిల్లాలాలో మరో రెండు వారాలు రిపబ్లిక్ జెండా నిలిచింది. అక్కడ మిగిలిన కల్నల్ షారోస్ట్, ఇద్దరు ఫ్రెంచి ఆఫీసర్లు పగలూ రాత్రీ కాపలా కాసి ఆ ఊరి ప్రొటెస్టెంట్లకు ప్రాణహాని లేకుండా చూశారు. ఆ మాట చెప్పింది శత్రుపక్షపు బిషప్ స్టాకే. ఆయన తన అనుభవాలను 1800లో పుస్తకంగా ప్రచురించాడు. తన ఇంట్లో దిగిన శత్రువు మంచితనాన్ని దాచకుండా రాసిన ఆ మనిషి మీద నాకు గొప్ప గౌరవం. సెప్టెంబరు 23న ప్రభుత్వ సేన కిల్లాలాను తిరిగి పట్టుకున్నప్పుడు వీధుల్లో, పొలాల్లో మళ్లీ వందల మందిని చంపారు. దారి చూపిన ఫాదర్ కాన్రాయ్‌ను కాసిల్‌బార్‌లో ఉరి తీశారు. మరో ఫ్రెంచి నౌకలో దొరికిన వుల్ఫ్ టోన్, ఉరికి ముందు గొంతు కోసుకుని, నవంబరు 19న ప్రాణం విడిచాడు. జాన్ మూర్ మరుసటి ఏడు నిర్బంధంలోనే చనిపోయాడు.

కారన్‌వాలీస్‌ను రాక్షసుడిగా చూపడం నా ఉద్దేశం కాదు. తన భోజనాల బల్ల దగ్గర ఉరితీతలు, కాల్చివేతలు తప్ప వేరే కబుర్లు లేవని ఆయన స్నేహితుడికి ఉత్తరం రాసి బాధపడ్డాడు. చాలామందికి క్షమాభిక్ష ఇప్పించాడు. ఐర్లండ్‌ను బ్రిటన్‌లో కలిపే చట్టాన్ని పట్టుబట్టి నెగ్గించిందీ ఆయనే. 1801 జనవరి 1 నుంచి డబ్లిన్ పార్లమెంటు లేకుండా పోయింది. మంచి మనసున్న అధికారి కూడా వలస పాలన యంత్రాన్ని నడిపినప్పుడు అది చేసే పని అదే. కాసిల్‌బార్ నుంచి పారిపోయిన లేక్ ఏమయ్యాడు? హిందూస్థాన్‌లో సేనాధిపతి అయ్యి 1803 సెప్టెంబరులో ఢిల్లీ పట్టుకున్నాడు. బల్లినమక్‌లో తిరిగిన కత్తే ఇక్కడికీ వచ్చింది. 1794లో పద్మనాభం యుద్ధంలో కంపెనీ సేన చేతిలో విజయనగరం రాజు విజయరామరాజు పడిపోయిన నేల మీద పుట్టిన నాకు ఈ సంగతి పరాయి కథగా అనిపించదు.

ఇంత నలిగిపోయిన జనం కథ నవలగా రాయడానికి ఎలా మిగిలింది? ప్రభుత్వ పత్రాల్లో రైతు ఒక అంకె మాత్రమే. మేయో, లాంగ్‌ఫర్డ్ పల్లెలు మాత్రం మనుషులను మనుషులుగా గుర్తుపెట్టుకున్నాయి. బల్లినమక్‌లో చివరిదాకా ఫిరంగి దగ్గర నిలబడిన మగీ అనే గన్నర్ కథ ఇప్పటికీ అక్కడివాళ్లు చెబుతారు. డాక్టర్ రిచర్డ్ హేస్ ఫ్రెంచి సైన్యం నడిచిన ఊళ్లన్నీ తిరిగి, తాతల నోట విన్నవాళ్ల మాటలు రాసుకుని 1937లో పుస్తకం వేశాడు. అదే ఏడు ఐర్లండ్ ప్రభుత్వం ఇంకా పెద్ద పని మొదలుపెట్టింది. ప్రాథమిక పాఠశాలల పిల్లలకు నోటు పుస్తకాలిచ్చి, ఇంట్లో అవ్వాతాతలను అడిగి ఊరి కథలు రాయమంది. 1939 వరకు సుమారు యాభై వేలమంది పిల్లలు ఆ పని చేశారు. అప్పటికి 140 ఏళ్ల నాటి తిరుగుబాటు ముచ్చట్లు అందులో ఉన్నాయి.

అలాంటి పని మనమూ చేయగలం. మన మన్యం పితూరీ జరిగి నూరేళ్లే దాటింది. గూడేల్లో, సర్కారు జిల్లాల ఊళ్లలో అల్లూరి పేరు వెనక పేరు లేకుండా నడిచినవాళ్ల మనుమలు, ముని మనుమలు ఉన్నారు. బియ్యం మోసినవాళ్లు, దారి చూపినవాళ్లు, ఆ తర్వాత జైళ్లలో మగ్గినవాళ్లు వాళ్ల మాటల్లో ఇంకా ఉన్నారు. చరిత్ర పాఠం చెప్పే ప్రతి ఉపాధ్యాయుడికీ, ఉపాధ్యాయురాలికీ నాదొక విన్నపం. ఈ ఏడు ప్రాజెక్టు పనిగా ఇంటర్నెట్ నుంచి బొమ్మలు అతికించమని చెప్పకండి. ఒక నోటు పుస్తకం ఇచ్చి, ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోమనండి. మన నవల రాయబోయేవాళ్లకు కావలసిన సరుకు ఆ పుస్తకాల్లోంచే వస్తుంది.