ఎదిగిన గినీపిగ్‌లను ఒక గూటికి చేర్చడం

ఆండీస్ పర్వత ప్రాంతంలో వేల ఏళ్ల కిందటే మాంసం కోసం మచ్చిక చేసిన గినీపిగ్ గుంపుగా బతికే జంతువు కనుక, దాన్ని ఒంటరిగా పెంచడాన్ని స్విట్జర్లాండ్ 2008 నాటి జంతు సంరక్షణ నిబంధనల్లోనే నిషేధించింది.

ఇంట్లో ఉన్నదానికి తోడుగా కొత్తగా తెచ్చినదాన్ని రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచి, జలుబు, గజ్జి వంటివి లేవని తేలాక, రెండింటికీ పరిచయం లేని చోట ఎండుగడ్డి కుప్పలు, రెండు వైపులా దారి ఉన్న అట్టపెట్టెలు పెట్టి కలపాలి. గురగురమంటూ నడుము ఊపుతూ తిరగడం, ఒకదానిపై ఒకటి ఎక్కడం, మూతి పైకెత్తి నిలబడడం పెత్తనం తేల్చుకునే చేష్టలు. వాటికి బెదిరి మాటిమాటికీ విడదీస్తే తగువు మళ్లీ మొదటికొస్తుంది. పళ్లు పటపటలాడిస్తూ మీదికి దూకినా, నెత్తురు కనిపించినా మాత్రం చేతులు కాక మందపాటి తువ్వాలు అడ్డుపెట్టి వేరుచేయాలి. కలిపి స్నానం చేయిస్తే స్నేహం కుదురుతుందన్నది ఉత్త అపోహ. భయంతో బిగుసుకుపోవడాన్ని సఖ్యతగా పొరబడడమే అది. ఆడదాని సరసన చేర్చే మగదానికి వృషణాలు తొలగించాక కూడా సుమారు ఆరు వారాలు ఆగాలి.

ముప్ఫై డిగ్రీల వేడికే ఈ జంతువు వడదెబ్బ తినగలదు కాబట్టి, వేసవిలో 40 డిగ్రీలు దాటే హైదరాబాద్‌లోని బేగంపేట, పంజాగుట్ట అపార్టుమెంట్లలో వీటిని కలపడానికి బాల్కనీ పనికిరాదు, చల్లటి గదే కావాలి.