కోతులా, మనుషులా?

నాలుగు కోతుల కోసం కరెంటు మానుకోమంటారా? 1970ల చివర్లో కేరళలో గట్టిగా వినపడిన వాదన ఇది. వినడానికి సబబుగానే ఉంటుంది. అందుకే ఆ కథ ఒకసారి చెప్పుకోవాలి.

ఆ కోతి సింహం తోక కోతి. కన్నడంలో సింగళీక అంటారు. నల్లటి ఒళ్ళు, మొహం చుట్టూ నెరిసిన జూలు, తోక చివర చిన్న కుచ్చు. పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. మన గుళ్ళ దగ్గర తిరిగే కోతుల్లా కాదు, దీని బతుకంతా దాదాపు చెట్ల పైకొమ్మల్లోనే. కొమ్మల దారి తెగిందంటే మంద అక్కడే ఇరుక్కుపోతుంది.

పాలక్కాడు జిల్లా సైలెంట్ వ్యాలీలో కుంతిపుళ నది మీద ఆనకట్ట కట్టి కరెంటు తీయాలని కేరళ విద్యుత్ బోర్డు అనుకుంది. 1973లో ప్రణాళికా సంఘం సరేనంది. మునిగేది సుమారు 8 చదరపు కిలోమీటర్లు. కాగితం మీద చిన్న ముక్కే! కానీ ఆనకట్టతో పాటు రోడ్లూ, కూలీల కాలనీలూ వస్తాయి. పైకొమ్మల్లో బతికే జంతువుకి ఒక రోడ్డు చాలు, ఊరు రెండుగా చీలిపోవడానికి.

కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్ ఊరూరా తిరిగి ఈ సంగతి చెప్పింది. వృక్షశాస్త్రం మాష్టారు ఎం.కె. ప్రసాద్, కవయిత్రి సుగతకుమారి, పక్షుల సలీం అలీ, అందరూ గొంతు కలిపారు. నాకు బాగా నచ్చిందేంటంటే, పరిషత్ వాళ్ళు "పాపం కోతి" అని ఊరుకోలేదు. కరెంటుకి వేరే దారులేమున్నాయో కూడా లెక్కలేసి చూపించారు. కోతి జెండా మాత్రమే, వాదన మొత్తం అడవి గురించి అన్నమాట.

చివరికి ఎం.జి.కె. మీనన్ కమిటీ నివేదిక తర్వాత 1983లో ప్రాజెక్టు ఆగింది. 1984 నవంబరులో ఆ అడవి జాతీయ పార్కయింది.

మరి కోతి గెలిచిందా? సగమే. తమిళనాడు వాల్పరైలో టీ తోటల మధ్య మిగిలిన అడవి ముక్కల్లో ఇవే కోతులు నేల మీదకి దిగి రోడ్లు దాటుతున్నాయి, ఇళ్ళలో దూరుతున్నాయి. బళ్ళ కింద పడకుండా వాటికి రోడ్డు మీదుగా తాళ్ళ వంతెనలు కట్టాల్సొచ్చింది. కర్ణాటకలో 2019లో ఈ కోతి పేరుతోనే ప్రకటించిన శరావతి అభయారణ్యంలోకి 2000 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రతిపాదన వచ్చింది. మళ్ళీ అదే ప్రశ్న!

అసలు ప్రశ్నే తప్పనిపిస్తుంది నాకు. కరెంటు ఇంకో చోట, ఇంకో రకంగా తీసుకోవచ్చు. ఆ కోతికి ఇంకో అడవి ఎక్కడుంది?