జన్మ రుతువు, ఎండ – పిల్లల్లో ఆహార అలర్జీలు

బిడ్డ పుట్టిన కాలానికీ, ఒంటికి తగిలే ఎండకూ, గుడ్డు, పాలు, వేరుశనగ వంటివి పడకపోవడానికీ గల సంబంధాన్ని పరిశీలించే వైద్య పరిశోధనాంశం.

పరిశీలనలు: అమెరికాలోని బోస్టన్‌లో మూడు ఆసుపత్రుల అత్యవసర విభాగాల రికార్డులపై 2010లో ఒక అధ్యయనం వెలువడింది. అయిదేళ్లలోపు పిల్లల్లో శరత్తు, శీతకాలాల్లో పుట్టినవారికి ఆహార అలర్జీ అవకాశం 53 శాతం ఎక్కువని అది తేల్చింది. ఆస్ట్రేలియాలో ఎండ తక్కువగా ఉండే దక్షిణ ప్రాంతాల్లో, తీవ్ర అలర్జీకి వాడే ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్లను ఉత్తరాదికన్నా ఎక్కువగా రాస్తున్నట్లు గుర్తించారు.

కారణాలు: ఎండలోని అతినీలలోహిత-బి కిరణాలు సోకితే చర్మంలో విటమిన్ డి తయారవుతుంది. ఆహారాన్ని శత్రువుగా భావించకుండా రోగనిరోధక వ్యవస్థను అదుపు చేసే టి-కణాలకు ఇది తోడ్పడుతుందని ఒక వాదన. చలికాలపు పొడిగాలికి చర్మం బీటలువారి, ఎగ్జిమా వచ్చి, ఆ పగుళ్ల గుండా ఆహార ప్రోటీన్లు లోనికి చేరడమే మూలమన్నది మరో వాదన.

పరిమితులు: ఇవి సహసంబంధాలే తప్ప కార్యకారణ నిరూపణలు కావు. వంశపారంపర్యం, తిండి అలవాట్లు, ఇన్ఫెక్షన్ల ప్రభావాన్ని వేరుచేయడం కష్టం. ఎండ పుష్కలంగా కాసే తెలుగు రాష్ట్రాల్లోనూ విటమిన్ డి లోపం సాధారణమే. కనుక అక్షాంశం ఒక్కటే కొలమానం కాదు.