హ్యాండ్‌బుక్కులో ఒక పేజీ

ఐర్లండ్ అనగానే మన వైపు రెండు సంగతులు చెప్తారు. మాస్టర్స్ అయ్యాక రెండేళ్ళు ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చన్నది ఒకటి. రెండోది సవితా హలప్పనవర్. బెళగావి అమ్మాయి, పళ్ళ డాక్టరు, 31 ఏళ్ళది. 2012 అక్టోబరు 28న గాల్వే ఆసుపత్రిలో చనిపోయింది. 17 వారాల కడుపు నిలవదని డాక్టర్లకు తెలుసు. తీసేయమని ఆమే అడిగింది. పిండం గుండె కొట్టుకుంటున్నంత వరకు కుదరదన్నారు. ఈలోగా ఒంట్లో సెప్టిక్ పాకింది.

ఆ చావు తర్వాత ఈ దేశం చట్టం మార్చుకుందని మన పేపర్లు రాశాయి. అదే చట్టం మీద ఇక్కడి కాలేజీ పిల్లలు అంతకు 23 ఏళ్ళ ముందే కోర్టు మెట్లెక్కారని మాత్రం మనవాళ్ళకు పెద్దగా తెలియదు. అదీ ఒక చిన్న పుస్తకంలో ఒక్క పేజీ కోసం. డబ్లిన్‌లో కాపురం పెట్టాక నేను విన్న చరిత్రల్లో నాకు ఎక్కువ నచ్చింది ఇదే. అందుకే కొంచెం తీరిగ్గా చెప్తాను.

ముందు 1971కి వెళ్దాం. ఆ ఏడాది మన దేశంలో ఊరూరా గోడల మీద కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, కిళ్ళీకొట్లో నిరోధ్ కండోములు. ఆగస్టులో మన పార్లమెంటు అబార్షన్ చట్టం కూడా చేసింది. అదే ఏడాది ఐర్లండ్‌లో గర్భనిరోధక సాధనాలు అమ్మడం, బయటి నుంచి తేవడం నేరం. 1935 నాటి చట్టం అది. చర్చి మాట మీరి నడిచే ప్రభుత్వం అప్పట్లో ఇక్కడ లేదు.

మే 22న నలభై మందికి పైగా ఆడవాళ్ళు డబ్లిన్‌లో రైలెక్కి బెల్ఫాస్ట్ వెళ్ళారు. బెల్ఫాస్ట్ బ్రిటన్ కింద ఉంది కాబట్టి అక్కడ ఇవన్నీ దొరుకుతాయి. కొని, అందరూ చూస్తుండగా కస్టమ్స్ దాటించాలని ప్లాను. తీరా మందుల షాపుకు వెళ్తే పిల్స్‌కి డాక్టరు చీటీ కావాలన్నాడు. ఇంత దూరం వచ్చి ఉత్త చేతులతో ఎలా వెళ్తారు? ఆస్పిరిన్ సీసాలు కొన్నారు. ఏది పిల్లో ఏది ఆస్పిరినో కస్టమ్స్ మగవాళ్ళకు ఏం తెలుసు! తిరిగొచ్చి కనోలీ స్టేషన్‌లో ఆ మాత్రలు చేతుల్లో ఎత్తి చూపించి, వాళ్ళ ముందే మింగారు. ఆఫీసర్లకు ఎటు చూడాలో తెలియక దారి వదిలేశారు. పట్టుకుంటే రైలెడు ఆడవాళ్ళని జైల్లో పెట్టాలి కదా.

అబార్షన్ దగ్గరికొచ్చేసరికి ఇలాంటి కొంటెతనానికి చోటు లేదు. అప్పటి ఇక్కడి చట్టం 1861 నాటిది. మనకు శిక్షాస్మృతి రాసిచ్చిన తెల్లదొరలే దీన్నీ రాశారు. మన పాత శిక్షాస్మృతిలోని 312వ సెక్షను, వీళ్ళ పాత చట్టంలోని 58వ సెక్షను ఒక తాను ముక్కలే. మనం 1971లో దానికి మినహాయింపులు పెట్టుకున్నాం. అందుకోసం మన ఆడవాళ్ళు వీధుల్లోకి రాలేదు. దొంగచాటు అబార్షన్లలో చనిపోతున్నారన్న ఆందోళన ఒకటి, జనాభా తగ్గించాలన్న తొందర ఒకటి కలిసి ఢిల్లీలో పని జరిపించాయి. ఐర్లండ్ దీనికి ఎదురు నడిచింది. 1973లో అమెరికా సుప్రీంకోర్టు అబార్షన్ హక్కు ఇవ్వడం చూసి, రేపు తమ కోర్టులూ ఇదే పని చేస్తాయేమోనని ఇక్కడి కరడుగట్టిన కాథలిక్కులకు భయం పట్టుకుంది. తాళం రాజ్యాంగంలోనే వేయించారు. 1983 సెప్టెంబరులో జరిగిన రిఫరెండంలో 66.9 శాతం ఓట్లతో ఎనిమిదో సవరణ నెగ్గింది. తల్లి ప్రాణానికీ కడుపులో ఉన్నదాని ప్రాణానికీ సమాన హక్కు అని దాని సారాంశం.

మరి అవసరం పడ్డవాళ్ళు ఏం చేశారు? పడవెక్కి ఇంగ్లండ్ వెళ్ళారు. 1980 నుంచి 2016 దాకా అక్కడి క్లినిక్కుల్లో ఐర్లండ్ చిరునామా ఇచ్చినవాళ్ళే 1,68,000 మందికి పైగా. 2001 ఒక్క ఏడాదిలో 6,673 మంది. దొంగ చిరునామా ఇచ్చినవాళ్ళు ఈ లెక్కలోకి రారు.

వెళ్ళాలంటే ఎక్కడికి వెళ్ళాలో తెలియాలి. ఎస్పీయూసీ అనే అబార్షన్ వ్యతిరేక సంఘం సరిగ్గా అక్కడే పట్టుకుంది. 1986లో కోర్టుకు వెళ్ళి, డబ్లిన్‌లోని సలహా కేంద్రాలు ఇంగ్లండ్ క్లినిక్కుల వివరాలు ఇవ్వకుండా ఆర్డరు తెచ్చుకుంది. అడ్రసు చెప్పడం కూడా ఎనిమిదో సవరణకు విరుద్ధమేనని సుప్రీంకోర్టు 1988లో తేల్చేసింది. ఇంక మిగిలింది విద్యార్థి సంఘాలు.

ఇక్కడి విద్యార్థి సంఘం మన ఎస్ఎఫ్ఐ, ఏబీవీపీల్లాంటిది కాదు. పార్టీ జెండా ఉండదు. ఏటా ఎన్నికైనవాళ్ళు చదువు ఆపి ఏడాది పాటు జీతానికి అదే పని చేస్తారు. వాళ్ళలో వెల్ఫేర్ ఆఫీసరని ఒకరుంటారు. గది దొరక్కపోయినా, డబ్బులైపోయినా, నెల తప్పినా ఆ మనిషి దగ్గరికే వెళ్తారు. కొత్తగా చేరిన పిల్లలకు సంఘం ఒక హ్యాండ్‌బుక్ ఇస్తుంది. 1989లో ట్రినిటీ కాలేజీ, యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ (యూసీడీ) సంఘాలు, దేశవ్యాప్త సంఘం యూఎస్ఐ పంచిన పుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లండ్ క్లినిక్కుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నెంబర్లు ఉన్నాయి. ఆ పేజీ తీసేస్తామని రాసివ్వమన్నది ఎస్పీయూసీ. పిల్లలు కుదరదన్నారు. కేసు పడింది.

ట్రినిటీ సంఘానికి అప్పటి ప్రెసిడెంటు ఇవానా బాసిక్. ఇరవైలు దాటీ దాటని వయసు. ఓడిపోతే జైలు, లాయరు ఖర్చులకు దివాలా. వాళ్ళ తరఫున వాదించిన లాయరు మేరీ రాబిన్సన్. ఆవిడ తెలివి చూడండి: ఐర్లండ్ రాజ్యాంగంలో దారి లేదు, కానీ ఐర్లండ్ యూరోపియన్ కమ్యూనిటీలో ఉంది. ఒక సభ్యదేశంలో చట్టబద్ధంగా దొరికే సేవ గురించి ఇంకో దేశంలో చెప్పొద్దంటే ఎలా? హైకోర్టు జడ్జి మెల్లా కారల్ ఈ ప్రశ్నను లక్సెంబర్గ్‌లోని యూరప్ కోర్టుకు పంపింది. ఈలోగా ఐర్లండ్ సుప్రీంకోర్టు మాత్రం పేజీ ఆపమని ఆర్డరిచ్చింది.

లక్సెంబర్గ్ తీర్పు 1991 అక్టోబరు 4న వచ్చింది. అబార్షన్ కూడా వైద్యసేవే, అంతవరకు పిల్లల మాట నిజమేనంది. కానీ మీకూ ఆ క్లినిక్కులకూ డబ్బు సంబంధం లేదు, మీరు ఊరికే చెప్తున్నారు, కాబట్టి వ్యాపారానికి ఉండే రక్షణ మీకు రాదంది. కమీషన్ తీసుకుని ఉంటే వాదనకు బలం ఉండేదన్నమాట. ఉచితంగా చేసినందుకు ఓడిపోయారు. కోర్టుల తర్కం మీద నాకున్న గౌరవం ఈ తీర్పు చదివాక కాస్త తగ్గింది.

మా ఆఫీసులో నాకు సీనియర్ ఒకావిడ ఆ రోజుల్లో డబ్లిన్‌లో డిగ్రీ చదివింది. పుస్తకంలో వద్దంటే తలుపుల మీద రాశాం అంటుంది. లైబ్రరీ ఆడవాళ్ళ టాయ్‌లెట్ తలుపు లోపలి వైపు, గొళ్ళెం పక్కన, పెన్నుతో ఒక ఫోన్ నెంబరు. సాయంత్రం శుభ్రం చేసేటావిడ తుడిచేసేది. పొద్దున్నకల్లా మళ్ళీ ఉండేది. కొన్నాళ్ళకు ఆవిడే ఆ ఒక్క చోటా గుడ్డ పెట్టడం మానేసిందట. బయట బజార్లోనూ అదే తంతు. కాస్మోపాలిటన్ పత్రికలో క్లినిక్కు ప్రకటన ఉండాల్సిన చోట ఐర్లండ్ కాపీల్లో తెల్ల కాగితం వచ్చేది.

1990 చివర్లో మేరీ రాబిన్సన్ దేశాధ్యక్షురాలైంది. ఇవానా బాసిక్ తర్వాత ట్రినిటీలోనే, ఒకప్పుడు రాబిన్సన్ కూర్చున్న లా ప్రొఫెసర్ కుర్చీలో కూర్చుంది. 2022లో లేబర్ పార్టీ నాయకురాలైంది.

1992లో అత్యాచారానికి గురైన 14 ఏళ్ళ పిల్లను దేశం దాటనివ్వకుండా హైకోర్టు ఆపడంతో జనం రోడ్డెక్కారు. సుప్రీంకోర్టు దిగొచ్చింది. ఆ నవంబరు రిఫరెండంలో ప్రయాణం చేసే హక్కు, సమాచారం పొందే హక్కు రెండూ నెగ్గాయి. హ్యాండ్‌బుక్కులో ఆ పేజీకి చట్టంలో చోటు దొరికింది, అదీ 1995లో పెట్టిన సవాలక్ష షరతులతో.

ఆ షరతుల పుణ్యమా అని 2017లో అదే నాటకం ఇంకోసారి జరిగింది. ఈసారి యూసీడీలో. కొత్తగా గెలిచిన సంఘం ప్రెసిడెంటు అబార్షన్‌కి వ్యతిరేకి. అచ్చయిన హ్యాండ్‌బుక్కులు పంచకుండా ఆపి, ఆ పేజీ మార్చి మళ్ళీ అచ్చు వేయించింది. లాయరు సలహా మేరకే చేశానంది, జరిమానా పడుతుందంది. విద్యార్థులు ఊరుకోలేదు. ఓటింగు పెట్టి 69 శాతంతో పదవి నుంచి దించేశారు. ఆ అమ్మాయి తన నమ్మకాన్ని ఎన్నికలప్పుడు దాచుకోలేదు. అయినా గెలిపించిన పిల్లలే సమాచారం జోలికొచ్చేసరికి దింపేశారు. నీ అభిప్రాయం నీది, మా పేజీ మాది అన్నారు. ఆ తేడా అంత స్పష్టంగా తెలిసిన ఓటర్లను నేను మన కాలేజీ ఎన్నికల్లో చూడలేదు.

2018 మే 25న ఎనిమిదో సవరణ తీసేయాలా వద్దా అని ఓటింగు. ఏప్రిల్‌లో క్యాంపస్‌లన్నిటిలో ఓటరు నమోదు బల్లలు వెలిశాయి. మే 8 గడువు. ఫారం నింపాక గార్డా స్టేషన్‌కు, అంటే పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి గుర్తింపు చూపించి స్టాంపు వేయించుకోవాలి. నల్ల స్వెట్టరు మీద తెల్లక్షరాలతో రిపీల్ (రద్దు) అని రాసుకున్న పిల్లలు ఫారాలు పట్టుకుని స్టేషన్ల దగ్గర నిలబడేవాళ్ళు. వద్దనేవాళ్ళ బల్లలూ ఉండేవి, వాటి దగ్గరా పాతికేళ్ళలోపు పిల్లలే. రిఫరెండంలో ఓటు ఐర్లండ్ పౌరులకే కాబట్టి నేను ప్రేక్షకురాలినే. ఓటు వేయడానికే పిల్లలు ఎక్కడెక్కడి నుంచో విమానాల్లో, పడవల్లో ఇళ్ళకొచ్చారు. ఫలితం 66.4 శాతం తీసేయమని. 1983లో పెట్టమన్న శాతం, 35 ఏళ్ళ తర్వాత తీయమన్న శాతం దాదాపు ఒక్కటే. డబ్లిన్ కాజిల్ ఆవరణలో జనం సవిత పేరు పిలిచారు. వీధిలో ఆమె బొమ్మ వేసిన గోడంతా చీటీలతో నిండిపోయింది. ఇప్పుడు 12 వారాల దాకా కారణం చెప్పక్కర్లేదు. కాకపోతే డాక్టరు సర్టిఫై చేశాక మూడు రోజులు ఆగాలనే నిబంధన ఒకటి పెట్టారు. నాకది అనవసరపు పెద్దరికంగా కనిపిస్తుంది.

ఇక క్యాంపస్‌లో భద్రత. ట్రినిటీ 1904లో ఆడపిల్లల్ని చేర్చుకుంది కానీ సాయంత్రం ఆరు కొడితే వాళ్ళు గేటు బయట ఉండాలి. ఆ రూలు 1960ల దాకా నడిచింది. మన లేడీస్ హాస్టల్లో చదివినవాళ్ళకు ఈ ముక్క విడమర్చి చెప్పక్కర్లేదు. భద్రత పేరుతో ఆడపిల్లకు తాళం వేయడం ఇక్కడా చేసి చూశారు. తర్వాత విద్యార్థి సంఘాలే ఇంకో దారి పట్టాయి. మొదటి ఏడాది పిల్లలందరినీ, మగపిల్లల్ని కూడా, కూర్చోబెట్టి సమ్మతి గురించి మాట్లాడించడం. ట్రినిటీ హాస్టల్లో 2016 నుంచి ఈ తరగతులు పెట్టారు. తాగి సోయిలో లేని మనిషి ఊఁ అంటే అది ఒప్పుకున్నట్టేనా? ఎదురు తిరగకపోతే ఇష్టమున్నట్టేనా? ఇలాంటి ప్రశ్నలు. 2017లో వచ్చిన లైంగిక నేరాల చట్టం ఈ రెండింటికీ కాదనే జవాబు చెప్పింది. మన ఊళ్ళ నుంచి వచ్చిన కుర్రాళ్ళు మొదట నవ్వుతారు, తర్వాత తలలు దించుకుంటారు. ఆ దించుకోవడం మంచిదే.

2018 నవంబరులో కార్క్ నగరంలో ఒక అత్యాచారం కేసులో ఆ అమ్మాయి లోదుస్తుల గురించి డిఫెన్సు లాయరు మాట్లాడినప్పుడు దేశమంతా ఊరేగింపులు జరిగాయి. మరుసటి ఏడాది ప్రభుత్వం కాలేజీలన్నిటికీ లైంగిక హింస నివారణ విధానం తెచ్చింది. అయితే అంతా బాగైపోయిందని అనుకోకండి. యూఎస్ఐ, గాల్వే విశ్వవిద్యాలయం కలిసి 2020లో వెల్లడించిన సర్వేలో 6,026 మంది జవాబిచ్చారు. వాళ్ళలో ఆడపిల్లల్లో 29 శాతం బలవంతంగానో, బెదిరింపుతోనో, ఒంటి మీద తెలివి లేనప్పుడో తమపై అత్యాచారం జరిగిందన్నారు. ఆ లెక్క దాచకుండా అచ్చు వేసినందుకు నేను వీళ్ళని మెచ్చుకుంటాను. ఐర్లండ్ సేఫేనా అని ఫోన్ చేసే తల్లిదండ్రులకు కూడా ఈ అంకె చెప్తాను.

మన సంగతి వేరు. అబార్షన్ చట్టం అడక్కుండానే వచ్చింది, చేరాల్సిన చెవికి మాత్రం ఇంకా చేరలేదు. పద్దెనిమిదేళ్ళు నిండిన అమ్మాయి అబార్షన్‌కి ఆమె ఒక్కతి సంతకం చాలు. మొగుడిదో తండ్రిదో అక్కర్లేదు. 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం సరిపోతుంది. పెళ్ళికాని వాళ్ళను వేరుగా చూడకూడదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న చెప్పింది. ఆమె వివరాలు బయటపెడితే 2021 సవరణ ప్రకారం శిక్ష. ఇవన్నీ కలిపి అరపేజీ. హైదరాబాద్‌లో, విజయవాడలో, తిరుపతిలో ఏ కాలేజీ పుస్తకంలోనైనా ఈ అరపేజీ మీకు కనిపించిందా? ర్యాగింగ్ హెల్ప్‌లైన్ నెంబరు ప్రతి కాలేజీ గోడకూ ఎక్కించగలిగాం. దాని పక్కన ఇదీ, 181 మహిళా హెల్ప్‌లైనూ ఎక్కించడానికి చట్టం ఏదీ అడ్డు రాదు. లెక్చరర్లు, హాస్టల్ వార్డెన్లు ఎవరైనా ఇది చదువుతుంటే, అచ్చు ఖర్చు ఎంతో చెప్పండి, మా డబ్లిన్ తెలుగువాళ్ళం చందాలు వేసుకుంటాం.

అమ్మాయిని ఐర్లండ్ పంపిస్తున్నవాళ్ళు పచ్చళ్ళ ప్యాకెట్లతో పాటు ఈ రెండు నెంబర్లు రాసివ్వండి. అనుకోని గర్భం వస్తే ప్రభుత్వ హెల్ప్‌లైన్ మై ఆప్షన్స్: 1800 828 010. ఒంటి మీద చెయ్యి పడితే 24 గంటలూ పనిచేసే రేప్ క్రైసిస్ హెల్ప్‌లైన్: 1800 77 8888. రెండూ ఉచితం.