ద్వారపరీక్ష నుండి డిజిటల్ భాండాగారం వరకు: అధ్యాపకుల విద్యార్హతల పరిశీలన - చారిత్రక సమీక్ష

ఉపోద్ఘాతం

బోధించేవారి అర్హతను ఎవరు, దేనిని చూసి నిర్ధారించాలి? ఈ ప్రశ్నకు ఒక్కొక్క కాలం ఒక్కొక్క సమాధానం చెప్పింది. భారతదేశంలో ఈ పరిశీలన వ్యక్తి నుండి పత్రానికి మారిన తీరును, ఆ మార్పులో మరుగున పడిన అంశాన్ని చర్చించడం ఈ వ్యాస లక్ష్యం.

1. సభాపరీక్ష

నలందా మహావిహారంలో ప్రవేశం కోరి వచ్చినవారిని ద్వారం వద్దనే కఠినమైన ప్రశ్నలతో పరీక్షించేవారని 7వ శతాబ్దపు చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ వ్రాశాడు. ప్రౌఢదేవరాయల ఆస్థానంలో శ్రీనాథుడు డిండిమభట్టును వాదంలో ఓడించాడన్న ప్రసిద్ధ గాథ కూడా ఈ సంప్రదాయాన్నే సూచిస్తుంది. నాడు పాండిత్యానికి సాక్ష్యం సభ, పత్రం కాదు.

2. పట్టా ప్రాధాన్యం

1857లో లండన్ విశ్వవిద్యాలయ నమూనాలో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. తొలినాళ్లలో ఇవి పరీక్షలు జరిపి పట్టాలిచ్చే సంస్థలే. బోధన అనుబంధ కళాశాలలలో సాగేది. బోధించేవారు, పరీక్షించేవారు, ఉద్యోగమిచ్చేవారు వేరువేరైనప్పుడు వారి నడుమ నమ్మకాన్ని మోసే భారం పట్టాపై పడింది. విలువ పత్రంలో చేరినందువల్లనే దానిని సృష్టించే ప్రలోభమూ పుట్టింది.

3. చట్టబద్ధత

1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) చట్టం 22వ సెక్షన్ పట్టా ఇచ్చే అధికారాన్ని చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ హోదా పొందిన సంస్థలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకు పరిమితం చేసింది. దీనితో పరిశీలన రెండంచెలైంది: పత్రం నిజమైనదేనా? ఇచ్చిన సంస్థకు ఆ అధికారం ఉందా? అచ్చమైన ముద్ర ఉన్నా, రెండవ ప్రశ్నకు నిలువని పట్టా చెల్లదు. 1989లో మొదలైన జాతీయ అర్హత పరీక్ష (నెట్) పట్టాకు తోడుగా మరొక ఉమ్మడి కొలమానాన్ని చేర్చింది.

4. సిద్ధాంత గ్రంథమే సాక్ష్యం

పీహెచ్‌డీ విషయంలో మూడవ ప్రశ్న తప్పదు: ఆ పరిశోధన అభ్యర్థిదేనా? 2009 నాటి యూజీసీ నిబంధనలు సిద్ధాంత గ్రంథపు ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించాలన్నాయి. అవి ‘శోధ్‌గంగ’లో చేరుతున్నాయి. 2018 నాటి గ్రంథచౌర్య నిరోధక నిబంధనలు 10 శాతం దాటిన సారూప్యానికి దశలవారీ చర్యలను నిర్దేశించాయి. పట్టాల నిజనిర్ధారణకు జాతీయ అకడమిక్ డిపాజిటరీ ఏర్పడింది.

అయితే తెలుగు పరిశోధనకు ఇక్కడొక ప్రత్యేక సమస్య ఉంది. యూనికోడ్‌కు ముందు అను వంటి ఫాంట్లలో కూర్చిన గ్రంథాలు కంటికి తెలుగుగానే కనిపించినా, కంప్యూటరుకు అర్థంలేని ఆంగ్లాక్షరాల వరుసలు. స్కాన్ చేసినవి కేవలం బొమ్మలు. కాబట్టి సారూప్య శాతం తక్కువగా వచ్చినంత మాత్రాన ఆ రచన స్వతంత్రమని చెప్పలేము. యంత్రం దానిని చదవలేకపోయి ఉండవచ్చు.

ముగింపు

డిపాజిటరీ పట్టా జారీ అయిందని మాత్రమే చెప్పగలదు. పాండిత్యం ఉందని చెప్పలేదు. నియామక సంఘం సభ్యులు అభ్యర్థి సిద్ధాంత గ్రంథాన్ని ముందుగా చదివి, దానిపైనే ప్రశ్నించడం మౌఖిక పరీక్షలో తప్పనిసరి కావాలి. పాత తెలుగు సిద్ధాంత గ్రంథాలను యూనికోడ్‌లోకి మార్చాలి. ఇది నిజాయితీగా శ్రమించిన పరిశోధకునికి రక్షణ కూడా. నకిలీ పట్టా అతని ఉద్యోగాన్నే కాదు, అతని పట్టా గౌరవాన్ని కూడా హరిస్తుంది. పత్రపరిశీలన ద్వారం వంటిది. ద్వారం దాటిన తరువాత సభ ఉండాలి.